కాజ టోల్ దాటాక బైక్ ఆపిన అన్నకి థాంక్స్

గుంటూరు నుంచి విజయవాడ వస్తుంటే కాజ టోల్ ప్లాజా దాటాక వెనక టైరు పంక్చరైంది. కారులో అమ్మ, బయట మండే ఎండ, స్టెప్నీ వేద్దామంటే ఒక వీల్ బోల్టు ఎంత తొక్కినా కదల్లేదు (ఏ షాపువాళ్లు గన్‌తో బిగించారో గానీ!). అప్పుడు బైక్ ఆపి వచ్చిన అన్నా, ఆ టెన్షన్‌లో మీ పేరు కూడా అడగలేదు, ఇదంతా మీకే.

వీల్ పానాకి ఇనప గొట్టం తొడిగి, మెల్లగా బరువేసి ఆ బోల్టు ఊడదీశారు. అక్కడితో వెళ్లిపోకుండా మంగళగిరిలో పంక్చర్ షాపు దాకా ముందుండి తీసుకెళ్లారు. సబ్బు నీళ్లు పోయగానే బుడగలు లేచిన చోట మేకు కనిపించింది, షాపతను పైనుంచే ప్లగ్ (రంధ్రంలోకి దూర్చే రబ్బరు ముక్క) గుచ్చేస్తానంటే మీరొద్దని, టైరు రిమ్ నుంచి తీయించి లోపల కూడా చూపించి ప్యాచ్ వేయించారు. మేకు నడిమి ట్రెడ్‌లో, అంటే రోడ్డుకి ఆనే భాగంలో దిగింది కాబట్టి సరిపోయింది, టైరు పక్క గోడలో దిగుంటే అతుకు పనికిరాదు, టైరు మార్చాల్సిందే అన్నారు.

టైర్ ప్రొటెక్షన్ ప్లాన్ (టైరు దెబ్బతింటే డబ్బిచ్చే ఇన్సూరెన్స్ లాంటిది) గురించీ మీరు చెప్పాకే అర్థమైంది. చాలా ప్లాన్లలో గుంతలో పడి ఉబ్బినా, కోసుకుపోయినా ఇస్తారట గానీ మామూలు అరుగుదలకి ఇవ్వరు, అరిగినంత మేర డబ్బు కూడా కోసుకుంటారు. అమ్మేటప్పుడు ఇదెవరు చెప్తారు?

డబ్బులివ్వబోతే చెరకు రసం తాగించండి చాలన్నారు. తీరా దానికీ మీరే ఇచ్చేసి వెళ్లిపోయారు, అమ్మ ఇప్పటికీ నన్ను తిడుతోంది.