ముందు బాగున్న రోడ్డును కాపాడాలి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలైన దగ్గర నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రోడ్ల గుంతల ఫొటోలు పత్రికల్లో తరచుగా వస్తున్నాయి. వాటి వల్ల అధికారుల్లో కదలిక వస్తున్న మాట నిజమే గాని, ఉన్న కాస్త నిధులూ అన్నిటికంటే ఎక్కువ చెడిపోయిన రోడ్డుకే మొదట వెళ్లిపోవడం సరైన వరుస కాదని నా అభిప్రాయం.

తారు రోడ్డు ఏటా ఒకే తీరున పాడవదు. వేసిన కొన్నేళ్ల వరకు పెద్ద మార్పేమీ కనిపించదు. తరువాత సన్నని నెర్రెలు వస్తాయి, వాటిలోంచి నీరు కింది కంకర పొరలోకి దిగుతుంది, మెత్తబడిన ఆ పొర మీదుగా బరువు లారీలు పోయేసరికి పైతారు కుంగి గుంత పడుతుంది. నెర్రెల దశలో పైపొర మళ్లీ వేస్తే తీరిపోయే పని, గుంతలు పడ్డాక పునాది నుంచి తవ్వి కట్టవలసిన పనిగా మారి, ఖర్చు అనేక రెట్లవుతుంది. ఆఫ్రికా దేశాలు ఒక దశాబ్దంలో 1,200 కోట్ల డాలర్లు సకాలంలో మరమ్మతులకు వెచ్చించి ఉంటే 4,500 కోట్ల డాలర్ల పునర్నిర్మాణ వ్యయం తప్పేదని ప్రపంచ బ్యాంకు 1994లో లెక్కగట్టింది. చేతిలో డబ్బు లేనివారికే ఈ లెక్కతో ఎక్కువ పని.

కాబట్టి బస్సులు, లారీలు ఎక్కువగా తిరుగుతూ ఇప్పుడిప్పుడే నెర్రెలిస్తున్న రోడ్లకు మొదటి వాటా ఇవ్వాలి. పూర్తిగా పాడైన వాటిని, తగినంత నిధులు వచ్చేదాకా కంకర, గ్రావెల్ వేసి తొక్కి, బండి నడిచే స్థితిలో ఉంచాలి. ఆ రోడ్ల పక్క ఊళ్లవారు ఇది చదివితే కోప్పడతారు, వారి కోపంలో న్యాయం కూడా ఉంది. ఆసుపత్రికి వేరే దారి లేని కొండ ఊళ్లకు ఈ వరుస వర్తించకూడదు. అక్కడ ఒక్క గర్భిణి ప్రయాణం కూడా వాహనాల లెక్కతో తూచదగినది కాదు.

నీటి సంగతి వేరే చెప్పాలి. మనకు జూన్ వానలతో సరిపోదు, అక్టోబరు తుపానులు కూడా ఉన్నాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఆ నెలలోనే వచ్చాయి. రోడ్డు అంచున మట్టి పేరుకొని, తుప్పలు మొలిచి, అంచు రోడ్డుకంటే ఎత్తయితే నీరు పక్కకు పోలేక తారు మీదే నిలుస్తుంది. అంచులు చెక్కడం, పక్క కాలువలు తవ్వడం, మదుముల్లో పూడిక తీయడం మే నెలాఖరుకల్లా పూర్తయితే, అంతే డబ్బు వానల తరువాత అతుకులకు పెట్టినదానికంటే ఎక్కువ ఫలితమిస్తుంది. శిలాఫలకం వేసుకోవడానికి వీలులేని పనులు కావడం వల్లనేమో, వీటికి నిధులు అడిగే నాయకులు అరుదు.

ఇక బరువు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం సుమారు పదహారు రెట్లవుతుందని అమెరికాలో 1958-60 మధ్య జరిగిన ప్రయోగాల్లో తేలింది. మన దేశంలో నాలుగు టైర్ల ఇరుసుకు అనుమతించే బరువును 2018లో సుమారు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. పై సూత్రం ప్రకారం ఆ ఒక్క మార్పుతోనే నష్టం అరవై శాతం దాకా పెరుగుతుంది. చిలకపాలెం నుంచి రాజాం, రామభద్రపురం మీదుగా రాయగడ వైపు పోయే రోడ్డు వంటి వాటిపై, టెక్కలి గ్రానైట్ క్వారీల దారుల్లో, అధిక లోడును కాటా వేసి ఆపకుండా ఎంత తారు పోసినా నిలవదు.

పెట్రోలు, డీజిలుపై లీటరుకు రూపాయి చొప్పున రోడ్ల సెస్సును రాష్ట్ర ప్రభుత్వం 2020లో విధించింది. అందులో మన రెండు జిల్లాల రోడ్లకు ఏటా ఎంత ఖర్చవుతున్నదో చెప్పాలి. రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్ ఇంజినీర్లు తమ తమ పరిధిలోని ప్రతి రోడ్డుకూ చివరిసారి తారు వేసిన సంవత్సరం, తిరిగే వాహనాల సంఖ్య, ప్రస్తుత స్థితి చూపే పట్టికను ఏటా మార్చిలోగా జిల్లా పరిషత్ సమావేశంలో పెట్టి, మరుసటి ఏడాది పనుల వరుసను దాని ఆధారంగానే ఖరారు చేయాలని, ఆ పట్టికను మీ పత్రిక జిల్లా పేజీల్లో అచ్చువేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజాం, విజయనగరం జిల్లా