పాత బేస్‌బాల్ కార్డులు: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

న్యూజెర్సీలో స్థిరపడి పాత బేస్‌బాల్ కార్డులపై మక్కువ పెంచుకున్న తెలుగువారమైన మనం ఈ ఏడాది చేసిన పనులను కార్యవర్గం తరఫున నివేదిస్తున్నాను. ధరల ముచ్చట్లు తగ్గించి కార్డును శ్రద్ధగా చూడటం నేర్చుకోవాలని గత సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం, ఆ మాటను చాలావరకు నిలబెట్టుకున్నాం. 2022 ఆగస్టులో ఆటగాడు మికీ మాంటిల్ బొమ్మతో టాప్స్ కంపెనీ 1952లో వేసిన కార్డు ఒకటి 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైన సంగతిని మాత్రం ప్రతిసారీ ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉన్నారు.

సమావేశాల్లో ఎక్కువ సమయం టీ206 కార్డులకే పోయింది. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ వీటిని సిగరెట్ పెట్టెల్లో, పెట్టె నలగకుండా ఆసరాగానూ ప్రకటనగానూ ఉంచేది. అందుకే వెనుకవైపు పీడ్‌మాంట్, స్వీట్ కాపొరల్ వంటి బ్రాండ్ల పేర్లు కనిపిస్తాయి. చిన్నప్పుడు వీధుల్లో సిగరెట్ పెట్టెల అట్టలు ఏరుకుని ఆడుకున్న మన పెద్దలకు ఈ సంబరాన్ని విడమరచి చెప్పే అవసరం రాలేదు. టీ206 అనేది కంపెనీ పెట్టిన పేరు కాదు, జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త తన జాబితాలో వేసుకున్న గుర్తు. ఆయన 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డులను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకు ఇచ్చేశారు. అక్కడ వంతులవారీగా ప్రదర్శనకు పెట్టే కార్డులను వేసవిలో కొందరం వెళ్లి చూసి వచ్చాం.

ఈ ఏడాది మనకు ఒక దెబ్బ కూడా తగిలింది. మన సభ్యుడొకరు ఒక ప్రదర్శనలో ముచ్చటపడి కొన్న టీ206 కార్డు మూలలు వందేళ్ల వయసుకు తగనంత పదునుగా ఉండటంతో, దాన్ని మిగతా కార్డుల మీద పెట్టి భూతద్దంతో చూశాం. ఒక పక్క అంచు మాత్రం తెల్లగా, కొత్తగా కోసినట్టు ఉంది, వెడల్పు కూడా తక్కువే. అంటే అరిగిన అంచును ఎవరో కత్తిరించి కొత్తదానిలా చేశారన్నమాట. ఫ్యాక్టరీ కోతలోనే కొలతలు కొద్దిగా మారేవి కనుక స్కేలును ఒక్కదాన్నే నమ్మకూడదని ఇక్కడ గుర్తు చేయాలి. హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి పేరుమోసిన టీ206 కార్డుకే ఈ గతి పట్టిందని, దాని అంచులు తానే కత్తిరించానని ఒక వేలందారు 2013లో కోర్టులో ఒప్పుకున్నాడని విన్నాక మన సభ్యుడికి కాస్త ఊరట కలిగింది.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది 1933 గౌడీ కార్డుల కథ. ఆ బబుల్ గమ్ కంపెనీ 240 కార్డుల వరుసలో 106వ సంఖ్యను వదిలేసింది. వరుస పూర్తి కాక పిల్లలు గమ్ కొంటూనే ఉన్నారు. చివరికి ఫిర్యాదు రాసినవారికి 1934లో నెపోలియన్ లాజొవే అనే ఆటగాడి బొమ్మతో ఆ కార్డును అచ్చువేసి తపాలాలో పంపారు. ఉత్తరానికి క్లిప్పుతో గుచ్చి పంపినందువల్ల, మిగిలి ఉన్న కార్డుల్లో చాలావాటిపై ఆ క్లిప్పు ముద్ర నేటికీ కనిపిస్తుంది. కార్డు స్థితిని బట్టి స్థాయి నిర్ణయించే గ్రేడింగ్‌లో అది లోపమే, నా దృష్టిలో మాత్రం అంతకు మించిన పుట్టుమచ్చ ఉండదు. మడత, గమ్ మరక, క్లిప్పు ముద్ర ఉన్న కార్డులను నిస్సంకోచంగా మార్పిడి చేసుకోవచ్చని, కత్తిరించిన లేదా రంగు పూసిన కార్డును మాత్రం ఆ సంగతి రాసిపెట్టకుండా మన మార్పిడి బల్లపైకి తేకూడదని కార్యవర్గం తీర్మానించింది.

జమాఖర్చుల పట్టికను విడిగా జతపరిచాం. వచ్చే ఏడాది 1957 టాప్స్ కార్డులను చేపడదాం. ఫిల్మును తిరగేసి అచ్చువేయడంతో, కుడిచేతివాటం గల హ్యాంక్ ఆరన్ ఎడమచేతివాటం బ్యాటర్‌గా కనిపించేది ఆ ఏడాది కార్డులోనే. అది ఉన్నవారు మొదటి సమావేశానికి గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి తీసుకురావాలి. దయచేసి సెల్లోటేపు అంటించవద్దు.

కార్యదర్శి