పిల్లలు మాట పూర్తి చేసేదాకా

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎస్‌ఏ-1 పరీక్షల ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చిన రోజున తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తండ్రితో కలిసి నా గదికి వచ్చింది. లెక్కల్లో 80కి 31 వచ్చాయి. "నాన్నా, ఈమధ్య క్లాసులో..." అని ఆమె మొదలుపెట్టిందో లేదో, తండ్రి మాట అందుకుని ట్యూషన్ సంగతి, తెల్లవారుజామున లేవవలసిన వేళ, ఫోన్ ముట్టకూడదన్న నియమం వరుసగా చెప్పుకుంటూ పోయారు. ఆయన ఆదుర్దా నాకు అర్థమైంది. నేనూ రెండు సలహాలు జోడించాను. అమ్మాయి జడ రిబ్బను వేలికి చుట్టుకుంటూ "సరే మేడమ్" అన్నది. మిగిలిన సగం మాట ఏమిటని మేమిద్దరం అడగనే లేదు.

వారం తర్వాత తెలిసింది. పక్కన కూర్చునే స్నేహితురాలు బడి మారిన నాటి నుంచి తనతో మాట్లాడేవాళ్లు లేక, ఆ పిల్ల మధ్యాహ్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోతున్నదట. తెలియని లెక్క అడగడానికి పక్కన మనిషి లేని పిల్లకు మేము చదువు వేళలు నిర్ణయించి పంపాం. అది నన్ను ఇప్పటికీ బాధిస్తున్నది.

అమెరికా మనస్తత్వవేత్తలు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ 1957లోనే, సలహా ఎంత మంచిదైనా అవతలివారికి తమను మార్చే ప్రయత్నంగానే తోస్తుందని, దానివల్ల మనసు విప్పడం ఆగిపోతుందని రాశారు. విన్నది మన మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గా అర్థమైందో లేదో వారినే అడగమన్నారు. "రేపట్నుంచి బడికి వెళ్లను" అని పిల్లవాడు సంచి విసిరేసినప్పుడు "మీ వయసులో మేము" అని ఎత్తుకోకుండా, "ఇవాళ ఎవరో నీ మనసు కష్టపెట్టినట్టున్నారు, అంతేనా?" అని ఊరుకుని చూడండి. బండి మీద వెనక కూర్చున్నప్పుడు కొందరు పిల్లలు ఇంట్లో చెప్పనివి కూడా చెబుతారు. మొహం మొహం చూసుకోనక్కరలేదు గనుక కాబోలు.

అయితే ఎవరైనా కొట్టారని, తాకారని, బతకాలని లేదని బిడ్డ చెబితే విని ఊరుకోవద్దు. ఆ రోజే మాకు తెలియజేయండి. పిల్లల సహాయానికి 1098, మానసిక సహాయానికి టెలిమానస్ 14416 ఉన్నాయి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ప్రోగ్రెస్ కార్డు మొదటి పది నిమిషాలు క్లాస్ టీచర్ దగ్గర కవరులోనే ఉంటుంది. ఆ సమయం మీ పిల్లలు మాట్లాడటానికి; మీరు, టీచరు, నేను వింటాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు