గాలిలోని కణం ఏ పొగలోంచి వచ్చిందో తేల్చాలి

సంపాదకులకు,

మీ పత్రికలో వచ్చే గాలి నాణ్యత సూచీ పట్టికను క్రమం తప్పక చూసే పాఠకుల్లో నేనొకడిని. ఆ సూచీకి ఆధారమైన ఎనిమిది కాలుష్యకాల్లో పీఎం 2.5, పీఎం 10 (వరుసగా 2.5, 10 మైక్రోమీటర్లకు మించని కణాలు) అనేవి ధూళికణాల బరువును మాత్రమే చెబుతాయి. ఘనమీటరు గాలిలో ఇన్ని మైక్రోగ్రాములు ఉందన్న ధూళి రోడ్డు మట్టా, సముద్రపు ఉప్పా, డీజిల్ మసా, చెత్త తగలబెట్టిన పొగా అన్నది ఆ అంకెలో కనబడదు. 2009 నాటి జాతీయ గాలి ప్రమాణాల్లో పన్నెండు కాలుష్యకాలున్నాయి. వాటిలో క్యాన్సర్ కారకమైన బెంజో-ఎ-పైరీన్ అనే కర్బన పదార్థానికి ఏడాది సగటున ఘనమీటరుకు 1 నానోగ్రాము అని హద్దు కూడా పెట్టారు. రోజువారీ సూచీలో మాత్రం దానికి చోటు లేదు.

దాన్ని కొలిచే పద్ధతే అంత నిదానమైనది. గంటల తరబడి గాలిని ఫిల్టరు గుండా పీల్చి, ఆ ఫిల్టరును ద్రావకంలో నానబెట్టి, క్రొమటోగ్రఫీ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే పద్ధతి) చేస్తే గాని అంకె తేలదు. ఈలోగా తేలిగ్గా ఆవిరయ్యే కర్బన పదార్థాలు కొన్ని ఫిల్టరు మీదనుంచే ఎగిరిపోతాయి, వాయురూపంలో ఉన్నవి కొన్ని దానికి అంటుకుని కణాల లెక్కలో కలుస్తాయి. పైగా లక్షలాది కణాలు ఒకే పూతగా పేరుకుపోయాక, ఏ కణం ఏ పదార్థాన్ని మోసుకొచ్చిందో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ లోటును చాలావరకు తీర్చే సాధనం, కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో పరీక్షించే మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల, వాటి ముక్కల బరువును బట్టి పదార్థాన్ని గుర్తించే యంత్రం), 1990ల నుంచే వాడుకలో ఉంది. అమెరికాలో రసాయన శాస్త్రవేత్త కింబర్లీ ప్రాథర్ బృందం రూపొందించిన పరికరంలో, సన్నని మార్గం గుండా శూన్యంలోకి వచ్చిన కణం ముందు రెండు ఆకుపచ్చ లేజర్ కిరణాలను దాటుతుంది. ఒకదాన్నుంచి రెండోదానికి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి దాని వేగం, వేగాన్ని బట్టి దాని పరిమాణం తెలుస్తాయి. ఆ లెక్క ప్రకారమే, కణం సరిగ్గా ఎదురుగా వచ్చిన క్షణంలో 266 నానోమీటర్ల అతినీలలోహిత లేజర్ పేలి దాన్ని అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న ముక్కలుగా, చెదరగొడుతుంది. ధన అయాన్లు ఒక గొట్టంలోకి, రుణ అయాన్లు ఇంకో గొట్టంలోకి పరుగెత్తుతాయి, తేలికైనవి ముందు చేరతాయి. అలా చేరిన సమయాన్ని బట్టి ఒక్కో బరువు దగ్గర ఒక్కో గీత నమోదవుతుంది. కర్బన పరమాణువు బరువు పన్నెండు. పన్నెండు, ఇరవై నాలుగు, ముప్పై ఆరు అంటూ పన్నెండేసి చొప్పున గీతలు కనబడితే అది మసి. ఆ కర్బన గీతల పక్కనే 39 దగ్గర పొటాషియం గీత నిటారుగా లేస్తే, కట్టెలో పిడకలో గడ్డో కాలిన పొగ అని అనుమానించవచ్చు.

ఇది మనకు సంబంధం లేని విదేశీ ముచ్చట కాదు. 1999లో హిందూ మహాసముద్రం మీది గాలిని పరిశీలించిన ఇండోయెక్స్ అనే అంతర్జాతీయ పరిశోధనలో రోనాల్డ్ బ్రౌన్ అనే నౌకపై ఈ పరికరాన్నే ఉంచి, భారత ఉపఖండం వైపు నుంచి వీచే గాలిని పరీక్షించారు. ఆ గాలిలోని కర్బన కణాల్లో పొటాషియం ఉన్నవి, అంటే కట్టెలు, పంట వ్యర్థాల వంటివి కాలగా పుట్టినవి, ప్రధానంగా కనిపించాయి. పదేళ్ల తర్వాత, 2009లో, రేడియోకార్బన్ పద్ధతితో (కర్బనం ఇటీవలి మొక్కలదా, పురాతన ఇంధనానిదా అని తేల్చే పద్ధతి) చేసిన వేరొక అధ్యయనం కూడా దక్షిణాసియా మసిలో సుమారు మూడింట రెండు వంతులు జీవపదార్థాల దహనం నుంచే వస్తోందని తేల్చింది.

అయితే అంత బలమైన లేజర్ ఒక్క దెబ్బతో కర్బన అణువులను ముక్కలు చేసేస్తుంది, ముక్కలను చూసి మూలమేదో చెప్పడం కష్టం. అందుకే రెండంచెల పద్ధతి వచ్చింది. ముందు పరారుణ లేజర్ కణాన్ని మెల్లగా వేడిచేసి దాని మీది కర్బన పదార్థాలను ఆవిరిగా లేపుతుంది, ఆ తర్వాత వేరొక లేజర్ ఆ ఆవిరిని అయాన్లుగా మారుస్తుంది. బెంజో-ఎ-పైరీన్ కుటుంబానికి చెందిన పదార్థాలను అణువు చెడకుండా పట్టుకోవడంలో ఇది దిట్ట. జర్మనీలోని రోస్టాక్ పరిశోధకులు ఈ తరహా పరికరంతో బాల్టిక్ తీరాన నిలబడి, దూరాన పోయే ఓడల పొగను ఒక్కో కణం ద్వారా గుర్తించారు. ఓడలు, బొగ్గు, కర్మాగారాలు, లారీలు ఒకేచోట కలిసే మా విశాఖకు ఇంతకంటే పనికొచ్చే పరీక్ష మరొకటి ఉంటుందని నేననుకోను.

ఈ పరికరం ఫిల్టరుకు ప్రత్యామ్నాయమని నా వాదన కాదు. ఉప్పు కణం సులువుగా అయాన్లనిస్తుంది, స్వచ్ఛమైన అమ్మోనియం సల్ఫేట్ కణం 266 నానోమీటర్ల లేజర్‌కు అంతగా లొంగదు, కాబట్టి గీత ఎత్తును చూసి బరువు చెప్పలేం. వంద నానోమీటర్ల కంటే బాగా చిన్న కణాలు ఆకుపచ్చ కిరణాలకు కనబడనే కనబడవు. మన తీరప్రాంతపు తేమలో కణాలు నీరు పీల్చుకుంటే రుణ అయాన్లు సన్నగిల్లుతాయి గనుక, గాలిని ముందుగా ఆరబెట్టాలి. బరువు కోసం ఫిల్టరు, మూలం కోసం లేజర్, రెండూ పక్కపక్కన నడవాల్సిందే.

ఖర్చు మాటకొస్తే, జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ము అణచడానికే పోయాయని 2024లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ లెక్క తేల్చింది. నీళ్లు చల్లే లారీలు కొనడానికి వెనకాడని చోట, పొగ ఎక్కడిదో చెప్పే పరికరానికి వెనకాడడం నాకు అర్థం కాని విషయం. లేజర్ పరిశోధన మనకు కొత్తా కాదు. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో లైడార్ (లేజర్ కాంతిని పైకి పంపి, తిరిగొచ్చే కాంతిని కొలిచే పరికరం) ఏళ్లుగా పనిచేస్తూ, ధూళి ఎంత ఎత్తున ఉందో చెబుతూనే ఉంది.

కాబట్టి రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లు విశ్వవిద్యాలయాలతో కలిసి, కనీసం ఒక శీతాకాలమంతా విశాఖలోనూ, హైదరాబాద్ శివారు పటాన్‌చెరులోనూ ఇటువంటి పరికరాన్ని నడిపి, ఏ మూలం నుంచి ఏ వేళల్లో ఎన్ని కణాలు వస్తున్నాయో గంటలవారీగా ప్రకటించాలని కోరుతున్నాను. ఆ వివరాలు వెలువడితే, మీరు కూడా సూచీ పక్కనే వాటికి కాస్త చోటివ్వాలని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం