పోనీలే అనమంటున్నారు, ఎలా అనను?

సంపాదకుల వారికి నమస్కారం.

మనకు చెడు చేసినవాళ్లను క్షమించాలని పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక వ్యాసం వచ్చింది. బాగానే రాశారు కానీ, డబ్బు పోగొట్టుకున్న ఇంట్లో కూర్చుని చదివితే కొన్నిచోట్ల మనసు ఒప్పుకోలేదు. అందుకే ఈ ఉత్తరం.

మేముండేది చెన్నై పెరంబూర్‌లో. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా వీధిలో ఒకావిడ దగ్గర దీపావళి చీటీ కట్టాం. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, ఇది పాట పాడుకునే చీటీ కాదు, ఒక దీపావళి నుంచి ఇంకో దీపావళి దాకా నెలనెలా ఇంతని కడితే పండగ ముందు స్వీట్లు, టపాసులు, చీర, వెండి సామాను ఇస్తారు, కొందరైతే బంగారు నాణెం అని కూడా ఆశ పెడతారు. నెలకు వెయ్యి చొప్పున 11 నెలలు కట్టాను. పండగ పది రోజులుందనగా ఆవిడ ఇంటికి తాళం, ఫోన్ స్విచాఫ్.

ఇక అక్కణ్ణుంచి ఎవరి దారి వాళ్లది. మా అత్తగారు వాళ్ల గుమ్మం ముందు నిలబడి దుమ్మెత్తి పోశారు, మాటలతోనే కాదు, నిజంగానే గుప్పెడు మన్ను తీసి పోశారు. మా మరిది తాళం పగలగొట్టి ఫ్రిజ్, టీవీ తెచ్చేద్దామని మనుషుల్ని పోగుచేశాడు, అలా చేస్తే ముందు కేసు మన మీదే పడుతుందిరా అని ఆపేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఎవరో ఆవిడ ఫొటో వాట్సాప్‌లో తిప్పారు. మా ఆయన మాత్రం "పోనీలే, మనకు రాసిపెట్టి లేదు" అని కంచం ముందు కూర్చున్నారు. అది ఆయన మంచితనమని అందరూ అంటారు. సగం మంచితనమే, మిగతా సగం పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలంటే భయం, ఈ మాట ఆయనతోనే అన్నాను. భయపడి ఊరుకున్నదాన్ని క్షమించడం అనకూడదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది నా డబ్బు కాదు. నా మాట మీద ఇంకో నలుగురు చేరారు. వాళ్లలో ఒకామె వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకుంది. "నువ్వు కడుతున్నావంటే నేనూ కడతా అక్కా" అని నెలకు 500 కట్టింది. మిగతా ముగ్గురూ నన్ను చూసి మొహం తిప్పుకున్నారు, వాళ్లను ఏమనగలను? ఈమె మూడో రోజు సాయంత్రం ఇంటికొచ్చింది, చేతులకు ఇంకా బొగ్గు మసి ఉంది. నేను ఏడవడం మొదలుపెట్టాను. గడప మీద కూర్చుని ముందు "నీదెంత పోయింది అక్కా?" అని అడిగింది. చెప్పాను. తర్వాత అదే గొంతుతో "నా 5,500 నాకు కావాలి. నీతో మాట మాననులే, కానీ డబ్బు కావాలి" అంది.

నెలకు 500 చొప్పున ఇస్తున్నాను. మొదటిసారి ఇచ్చినప్పుడు మొహమాటానికైనా వద్దనలేదు, లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది, టీ తాగి వెళ్లింది. వద్దని ఉంటే ఆమె ముందు ఎప్పటికీ తలెత్తుకోలేకపోయేదాన్ని.

క్షమ గురించి రాసేవాళ్లు పెద్దవాళ్ల ఉదాహరణలు చెబుతారు, అయితే సగంలో ఆపేస్తారు. 1999లో ఒడిశాలో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కొడుకులను బండిలోనే తగలబెట్టి చంపితే, ఆయన భార్య గ్లాడిస్ ఆ చంపినవాళ్లను క్షమించానన్నారు. అది అందరికీ గుర్తుంది. కానీ ఆ కేసు నడిచింది, శిక్షలు పడ్డాయి. మాకు దగ్గర్లోని శ్రీపెరంబుదూర్ సంగతే చూడండి. 1991 మే 21న అక్కడ రాజీవ్ గాంధీని చంపారు. ఆ కేసులో ఉరిశిక్ష పడిన నళిని జైల్లోనే ఆడపిల్లను కన్నది. ఆ పిల్లను చూసైనా ఆమెను ఉరి తీయవద్దని సోనియా గాంధీ కోరారు, 2000లో ఆ శిక్ష యావజ్జీవంగా మారింది. ఉరి తప్పింది కానీ ఖైదు తప్పలేదు, 2022లో సుప్రీంకోర్టు వదిలిపెట్టమనేదాకా నళిని ఖైదీగానే ఉంది. భర్తను పోగొట్టుకున్న మనిషి ఎదుటివాళ్ల బిడ్డ గురించి ఆలోచించారే, ఆ ముక్క నా మనసులో ఉండిపోయింది.

ఎందుకంటే మా చీటీ ఆవిడకూ ఒక కూతురుంది, తొమ్మిదో తరగతి, అమ్మమ్మ దగ్గర ఉండిపోయింది. రెండు జడలు వేసుకుని బడికి పోతుంటే ఆపి "మీ అమ్మ ఎక్కడ దాక్కుందే?" అని అడిగేవాళ్లు, పెద్ద పెద్ద ఆడవాళ్లు. ఆ పిల్ల యూనిఫాం నా దగ్గరే ఉండిపోయింది, ఇదంతా జరగక ముందు కుట్టడానికిచ్చింది. ఇవ్వొద్దు, డబ్బొచ్చేదాకా ఉంచుకో అన్నారు మా అత్తగారు. ఒకరోజు చీకటి పడ్డాక ఆ పిల్ల వచ్చింది, గుమ్మంలోకి రాకుండా బయటే నిలబడి చేతిలో చిల్లర చాపింది, పది రూపాయల నోట్లు, నాణేలు, అంతా కలిపి కుట్టుకూలి సరిగ్గా ఉంది. తీసుకున్నాను. తీసుకోకపోతే ఇంకో మాట పడ్డట్టే అయ్యేది ఆ పిల్లకు. యూనిఫాం ఇస్త్రీ చేసి ఉంది, మడత నలగకుండా గుండెలకు పట్టుకుని వెళ్లింది.

మర్నాడే నేను, ఇస్త్రీ బండామె, ఇంకొందరం కలిసి వేపేరిలోని పోలీసు కమిషనర్ ఆఫీసుకు వెళ్లి పిటిషన్ ఇచ్చాం. చీటీ కార్డుల జెరాక్సులు, గూగుల్ పే స్క్రీన్‌షాట్లు పెట్టాం. డిపాజిట్ కట్టినవాళ్ల రక్షణకు తమిళనాడులో 1997 నుంచి ప్రత్యేక చట్టం ఉంది, మోసం చేసినవాళ్ల ఆస్తి జప్తు చేసి ప్రత్యేక కోర్టు ద్వారా బాధితులకు పంచే వీలుంది అందులో. మా డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. "ఇంకా పగ పట్టుకుని తిరుగుతున్నావా?" అంటున్నారు కొందరు. పగ లేదండి. ఆవిడ రేపు ఎదురుపడితే తిట్టను, జుట్టు పట్టుకోను, కానీ పిటిషన్ మాత్రం వెనక్కి తీసుకోను.

మా వీధిలో మళ్లీ కొత్త చీటీ కార్డులు పంచుతున్నారు, వేరేవాళ్లు. మీకు నాదొక విన్నపం. ఇలాంటి పిటిషన్ ఎలా రాయాలి, ఏ కాగితాలు జతచేయాలి, ఎక్కడ ఇవ్వాలి అన్నది మీ చెన్నై పేజీలో తెలుగులో వేయండి. తమిళం గలగలా మాట్లాడి అక్షరం చదవలేని తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ రోజు మా పిటిషన్ కూడా ఒక కాలేజీ కుర్రాడితో రాయించుకున్నాం, అందులో ఏం రాశాడో మాలో ఒక్కరం కూడా చదవలేకపోయాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూర్, చెన్నై