సోమవారం రాత్రి మీ పట్టీలు ఎందుకు ఆగాయంటే

మన సర్వర్‌లో లెక్కలు పెట్టుకున్న కొట్ల వాళ్లందరికీ,

సోమవారం సాయంత్రం 5:40 నుంచి మంగళవారం ఉదయం 11 దాకా మీలో సగం మందికి సర్వర్ తెరుచుకోలేదు, పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు) తీయలేకపోయారు. మిగతా సగానికి ఏమీ తెలియదు, మామూలుగానే నడిచింది. నన్ను ముంచింది ఈ సగం సగం వ్యవహారమే. మొత్తం పడిపోయి ఉంటే గంటలో పట్టుకునేవాణ్ని.

మీ లెక్కలు ఒక్కటి కూడా పోలేదు. ఆ రాత్రి బ్యాకప్ కూడా సరిగ్గానే జరిగింది. ఆగిపోయిన కొట్లకు ఈ నెల బిల్లులో రెండు రోజులు తగ్గిస్తున్నాను, ఎవరూ అడగక్కర్లేదు. ఇక అసలు సంగతి.

మనకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ ఒకటే, లైన్లు మాత్రం రెండు. ఒకటి తెగితే రెండోది ఉండాలని వేరే దారిలో లాగించుకున్నాను, దానికి విడిగా డబ్బు కడుతున్నాను. మన నుంచి బయటికి వెళ్లేదంతా మొదటి లైన్‌లోనే. లోపలికి వచ్చేది కూడా మొదటి దాంట్లోనే రావాలని, మారిస్తే 48 గంటల ముందు చెప్పాలని ఒప్పందం. సోమవారం సాయంత్రం వాళ్లు లోపలికి వచ్చే ట్రాఫిక్‌లో కొంత రెండో లైన్ మీదికి మళ్లించారు. నాకు చెప్పలేదు. ఫోన్ చేస్తే ‘పింగ్ వస్తోంది కదా సార్, మా వైపు అంతా ఓకే’ అన్నారు. పింగ్ అంటే లైన్ బతికుందా అని తట్టి చూడడం. మర్నాడు మధ్యాహ్నానికి ‘మెయిల్ పెట్టాం’ అన్నారు. పెట్టారు, నిజమే. రెండేళ్ల కింద నా దగ్గర మానేసిన కుర్రాడి అడ్రసుకి. ఆ అడ్రసు మార్చమని నేను రెండుసార్లు రాశాను, రెండుసార్లూ ‘అలాగే సార్’ అని జవాబొచ్చింది. ఆ జవాబులు దాచుకున్నాను. పదకొండేళ్లుగా ఒక్క నెల కూడా ఆలస్యం చేయకుండా కట్టిన వాడికి ఒక్క ఫోన్ చేయలేకపోయారు.

సరే, లైన్ మారితే మీరెందుకు ఆగాలి? అక్కడ నా చేయి ఉంది.

మన గేట్‌వే, అంటే బయటి లైన్లకూ మన సర్వర్‌కూ మధ్య ఉండే మిషన్, లైనక్స్ మీద నడుస్తుంది. దాని కెర్నెల్‌లో (లైనక్స్‌కు గుండెకాయ లాంటిది) ఆర్‌పీ ఫిల్టర్ అనే సెట్టింగ్ ఒకటుంది, వచ్చింది సరైన దారిలోనే వచ్చిందా అని చూసేది. 0 పెడితే తనిఖీ లేదు, 1 అంటే కఠినం, 2 అంటే సడలింపు. 1 ఎలా పనిచేస్తుందంటే, ఉత్తరం మీద నరసరావుపేట నుంచి అని రాసి ఉంది, కానీ తెనాలి బస్సులో దిగింది అనుకోండి. దానికి జవాబు పంపాలంటే నరసరావుపేట బస్సే ఎక్కిస్తాం కదా, మరి ఇదెందుకు అటు నుంచి వచ్చింది, దొంగ ఉత్తరమై ఉంటుందని చింపి పారేయడం. తప్పుడు అడ్రసుతో వచ్చే ప్యాకెట్లను (నెట్‌లో డేటా ఇలా చిన్న చిన్న ముక్కలుగానే పోతుంది) ఆపడానికి అది మంచిదే. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3704 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రాన్ని ఆధారంగా చూపిస్తూ కెర్నెల్ డాక్యుమెంటేషన్ కూడా 1 పెట్టుకోమనే అంటుంది. వచ్చే దారి, పోయే దారి వేరైతే మాత్రం 2 పెట్టుకోమంటుంది. మన దారులు ఎప్పుడూ ఒకటేనన్న నమ్మకంతో 2019లో నా చేత్తోనే 1 పెట్టాను.

సోమవారం రాత్రి 9కి చూస్తే మీ ప్యాకెట్లు రెండో లైన్‌లో గుమ్మం దాకా వస్తున్నాయి. ఎవరిని రానివ్వాలో చూసే కాపలా, ఫైర్‌వాల్, లెక్కలో మాత్రం సున్నా. 11 గంటలకు ఈ ఫిల్టర్ మీదే అనుమానం వచ్చి రెండో లైన్‌కు 0 పెట్టాను. ఏమీ మారలేదు. సరే ఇది కాదు అని కొట్టేసి కేబుళ్లు, స్విచ్చి, ఫైర్‌వాల్ రూల్స్ అన్నీ పీకి పెట్టాను. తెల్లారి 5కి, మిగిలిందేమీ లేక, అనుమానపు ప్యాకెట్లను లాగ్‌లో రాసే సెట్టింగ్ ఆన్ చేశాను. స్క్రీన్ నిండిపోయింది. కెర్నెల్ ఇలాంటి వాటిని ‘మార్షియన్’ అంటుంది, అంగారకుడి నుంచి ఊడిపడ్డవని. సత్తెనపల్లిలో, పిడుగురాళ్లలో కొట్లున్న మీ అడ్రసులే అక్కడ వరసగా కనబడ్డాయి.

0 ఎందుకు పనిచేయలేదంటే, ఈ సెట్టింగ్ ప్రతి లైన్‌కూ విడిగా ఒకటి, అన్నిటికీ కలిపి ఒకటి ఉంటుంది. రెండింట్లో పెద్ద అంకే చెల్లుతుంది. అన్నిటికీ కలిపి ఉన్నది 1 అయి ఉండగా నేను లైన్‌కు పెట్టిన 0కి విలువే లేదు. అది డాక్యుమెంటేషన్‌లో ఒక్క వాక్యం. ఇరవై ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను, ఆ వాక్యం ఒకప్పుడు చదివాను కూడా. రాత్రి 11కి గుర్తు రాలేదు.

ఇప్పుడు మీలో కొందరికి కోపం తెప్పించే మాట. 5:30కే నాకు కారణం తెలుసు. 2 పెడితే నిమిషంలో అందరికీ తెరుచుకునేది. 11 దాకా పెట్టలేదు. లైన్ కంపెనీ కుర్రాడైతే ‘0 పెట్టేయండి సార్, అందరూ అదే పెడతారు’ అన్నాడు.

2 పెడితే, ఆ అడ్రసుకు ఏదో ఒక వైపు దారి ఉంటే చాలు, లోపలికి వదిలేస్తుంది. అంటే బయటి నుంచి ఎవడైనా మన ఆఫీసు లోపలి అడ్రసు తగిలించుకుని వచ్చినా ఈ ఫిల్టర్ ఆపదు. మన ఫైర్‌వాల్‌లోనేమో లోపలి అడ్రసులన్నీ ‘ట్రస్టెడ్’ జోన్‌లో ఉన్నాయి. ఆ జోన్‌లో అడిగేవాడు ఉండడు, వచ్చిందల్లా లోపలికే. నిజమే, జవాబు ఆ దొంగకు చేరదు. కానీ ఒక్క వైపు ప్యాకెట్‌తోనే జరిగిపోయే పనులు కొన్ని ఉంటాయి. మీ బాకీల ఖాతాలు ఉన్న మిషన్ల ముందు ఆ సందు వదలడం నాకు ఇష్టం లేకపోయింది.

బయటి లైన్లలో లోపలి అడ్రసులు వస్తే పారేయమని ఒక్క రూల్ రాసి 6కే తెరవచ్చు కదా అని మా అబ్బాయి అడిగాడు. రాశాను, అదిప్పుడు ఉంది. కానీ ఆ రాత్రే ఒక్క అంకెను నమ్ముకుని దెబ్బ తిన్నవాణ్ని, మళ్లీ ఒక్క రూల్‌ను నమ్మి తలుపు తీయలేకపోయాను. ఖాతాలున్న ఆ మూడు మిషన్లలోనూ అడ్రసును చూసి నమ్మడం తీసేసి, కీ (తాళంచెవి లాంటి రహస్య ఫైలు) ఉంటేనే రానిచ్చేట్టు మార్చాను. 10 గంటలకు రెండో లైన్ కేబుల్ పీకి నా ల్యాప్‌టాప్‌కి తగిలించి, దొంగ అడ్రసుతో నేనే కొట్టి చూశాను. ఒక్కటి కూడా లోపలికి పోలేదు. అప్పుడు తెరిచాను. ఆ ఐదున్నర గంటలు మీకు నష్టమే. అయినా మళ్లీ ఇలాగే జరిగితే మళ్లీ ఇలాగే చేస్తాను.

ఇప్పుడు బయటి లైన్లు రెండింటికీ 2, లోపలి వైపు 1. సర్వర్ రీస్టార్ట్ చేసి చూశాను, నిలిచాయి. మార్షియన్ లాగ్ ఆన్‌లోనే ఉంటుంది, అలాంటి ప్యాకెట్లు పది దాటితే నా ఫోన్ మోగుతుంది. మీ వైపు మార్చాల్సింది ఏమీ లేదు. రెండో లైన్‌ను వేరే కంపెనీకి మారుస్తున్నాను, సీజన్ అయ్యాక. మార్కెట్ యార్డులో టిక్కీలు (సరుకు బస్తాలు) దిగుతున్న రోజుల్లో ముట్టుకోను.

యార్డులో ఒక పెద్దాయన, ఎదురుగా రైతు కూర్చుని ఉండగా పట్టీ తీయలేక, ‘నీ కంప్యూటర్ కంటే మా గుమస్తా నోటుబుక్కే నయం కదరా అబ్బాయ్’ అన్నారు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. బాబాయ్, ఆ రాత్రి నోటుబుక్కులో రాసిన 43 పట్టీలూ ఆదివారం నేనే మీ కొట్టుకొచ్చి ఎక్కిస్తాను. గుమస్తాను రమ్మనకండి.