మా తమ్ముడి లైబ్రరీ మేడంకు కృతజ్ఞతలతో

దేవరకొండ దగ్గర ఒక గురుకుల పాఠశాలలో మా తమ్ముడు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. ఆ బడిలో లైబ్రేరియన్‌గా ఉన్న మేడంకు అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేరు రాయడానికి ఆమె ఒప్పుకోలేదు. "రాస్తే లైబ్రరీ గురించి రాయమ్మా" అన్నారు. లైబ్రరీ గురించే రాస్తాను. కానీ ఆమె ప్రస్తావన లేకుండా ఆ గది గురించి రాయడం నా వల్ల కాదు.

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు తమ్ముడు రెండో తరగతి. మూడో తరగతి పాఠాలు టీవీలో, దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో వచ్చాయి. చెప్పినవాళ్లు బాగానే చెప్పారు. కానీ ఒత్తులు, గుణింతాలు నోటికి అలవాటయ్యే వయసులో పక్కన కూర్చుని చదివించే మనిషి వాడికి లేకుండా పోయారు. నాయనకు మోటారు వైండింగ్ పని. బోర్లు కాలిపోయే ఎండాకాలంలో అర్ధరాత్రి కూడా దుకాణం తీసే ఉంటుంది. నేను నర్సింగ్ చదువుతూ హైదరాబాద్‌లో ఉన్నాను. లెక్కల్లో చురుకు కాబట్టి ఎంట్రెన్స్ గట్టెక్కి గురుకులంలో సీటు తెచ్చుకున్నాడు కానీ, తెలుగు పీరియడ్‌లో లేచి పైకి చదవమంటే వాడికి టెన్షన్. తోటి పిల్లలు నవ్వేవాళ్లు. అమ్మ చనిపోయిన ఏడాది దసరా సెలవులకు ఇంటికి వచ్చి, ఇక బడికి పోనని మొండికేశాడు. నాయన ఎట్లనో నచ్చజెప్పి దింపి వచ్చాడు.

మేడం వాణ్ని గమనించింది ఆ తర్వాతే. లైబ్రరీ పీరియడ్‌లో ఏదో ఒక పుస్తకం తెరిచి పెట్టుకుని, పేజీ తిప్పకుండా కూర్చునేవాడట. ఆమె ఏం చదువుతున్నావని అడగలేదు. ఇంటి దగ్గర ఏం చేస్తుంటావని అడిగారు. మోటార్లు విప్పుతానని చెప్పాడు. కాయిల్ ఎట్ల చుడతారు, తీగ సైజు ఎట్ల చూస్తారు, వార్నిష్ ఎందుకు పోస్తారు అని ఆమె ఒక్కొక్కటే అడుగుతుంటే పీరియడ్ అంతా వాడే మాట్లాడాడట. ఆ రోజు పుస్తకమేదీ ఇవ్వలేదు. మళ్లీ వారం ఒక సన్నటి ప్రయోగాల పుస్తకం చేతిలో పెట్టారు. ఇనుప మేకుకు రాగి తీగ చుట్టి, బ్యాటరీకి కలిపితే మేకు అయస్కాంతమై గుండుసూదులను లాగుతుందని ఉన్న పేజీ అది. "ఇది నాకు రాదు, నువ్వు చదివి చేసి చూపించు" అన్నారు.

నాయన వెళ్లినప్పుడు వైండింగ్ తీగ ముక్క పట్టుకెళ్లాడు. నలుగురు పిల్లలు తలా ఒక మేకుకు చుట్టారు. తమ్ముడి మేకుకే సూదులు అతుక్కున్నాయి, మిగతావాళ్లవి కదల్లేదు. వైండింగ్ తీగ మీద కంటికి కనిపించని పూత ఉంటుంది, కొసల దగ్గర బ్లేడుతో గీకితేనే కరెంటు పోతుంది. దుకాణంలో పెరిగిన వాడికి అది చెప్పాల్సిన పని లేదు. పుస్తకంలో మాత్రం ఆ మాట లేదు. "మేడం, ఇందులో ఒక లైన్ తక్కువుంది" అన్నాడట. "అయితే ఆ లైన్ నువ్వే రాయి" అని ఒక చీటీ ఇచ్చారు. దాన్ని అదే పేజీలో అతికించారు. నేను చూశాను ఆ చీటీ. "తీగ కోసలకు పూత గికాలి. లేకపోతే కరెంటు పోదు." రెండు తప్పులున్నాయి, ఆమె దిద్దలేదు. కింద తేదీ, వాడి పేరు, తరగతి. ఆ పుస్తకం తీసుకున్న ప్రతి పిల్లాడూ మా తమ్ముడు రాసిన వాక్యం చదువుతాడు. పైకి చదవమంటే వణికిన పిల్లాడికి ఆ చీటీ ఎంత ధైర్యమిచ్చిందో రాయడానికి నా దగ్గర మాటలు లేవు.

అక్కడి నుంచి మెల్లగా పిల్లల సైన్స్ పత్రిక చెకుముకి పాత సంచికలు, తర్వాత చిన్న కథలు. ఆమె పద్ధతి గురించి కొంచెం వివరంగా రాస్తాను. నాలాంటి అక్కలకు, అమ్మానాన్నలకు, టీచర్లకు పనికొస్తుంది.

పదమూడేళ్ల పిల్లాడు చదవడంలో వెనకబడితే మనం వెంటనే నాలుగో తరగతి పుస్తకం ఇస్తాం. కాకి దాహం, కుందేలు తాబేలు. అది వాడికి అవమానం. వాడి చదువు వెనకబడిందే తప్ప మనసు వెనకబడలేదు. ఇంట్లో చావు చూశాడు, అప్పు చూశాడు. వాడికి కావాల్సింది చిన్న వాక్యాల్లో పెద్ద విషయం. అలాంటి సన్న పుస్తకాలన్నీ ఏరి ఆమె ఒక అర నింపారు. దాని మీద "ఒక్క పీరియడ్‌లో అయిపోయే పుస్తకాలు" అని రాశారు. చదవలేనివాళ్ల కోసమని ఎక్కడా లేదు. క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్లలూ అక్కడి నుంచే తీసుకుంటారు కాబట్టి ఆ అర ముందు నిలబడటానికి ఎవరికీ సిగ్గు లేదు. ఇంత మర్యాదగా ఆలోచించిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

రెండోది, పుస్తకం మధ్యలో ఆపేసే హక్కు. పది పేజీలు చదివి నచ్చకపోతే తెచ్చి ఇచ్చేయొచ్చు. ఎందుకు నచ్చలేదని అడగరు, ఎక్కడ ఆపావని మాత్రం అడుగుతారు. ఒకసారి ఫోన్‌లో నాకు చెప్పారు: "ఎక్కడ ఆపిండో చూస్తే తర్వాత ఏమియ్యాల్నో తెలుస్తదమ్మా. వర్ణన దగ్గర ఆపితే మాటలు ఎక్కువున్న కథ ఇస్త. పేర్లు ఎక్కువై తికమకపడితే ఇద్దరు ముగ్గురే ఉన్న కథ ఇస్త. భయమేసి ఆపితే పుస్తకం పక్కన పెట్టి ముందు పిల్లగానితోటి మాట్లాడుత." పిల్లలకు నీతి చెప్పే పుస్తకాలే ఇవ్వాలని పట్టుబట్టే పెద్దలు చాలామంది ఉన్నారు. వాళ్లతో నాకు అస్సలు పడదు. బహుమతుల రోజున పంచే వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఎంతమంది పిల్లలు రెండో పేజీ దాటారో ఎవరైనా అడిగితే బాగుండు.

ఇంకొకటి. పీరియడ్ చివర్లో ఆమె ఒక పుస్తకం మొదటి పేజీలు పైకి చదివి, మంచి పట్టులో ఉండగా ఆపేస్తారు. గంట కొట్టగానే ఆ పుస్తకం కోసం క్యూ.

రైలుబడి అలాగే మా తమ్ముడి చేతికి వచ్చింది. జపాన్ రచయిత్రి టెట్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసిన పుస్తకానికి తెలుగు. అల్లరి పిల్ల అని మొదటి బడి పంపించేస్తే, పాత రైలు పెట్టెల్లో పాఠాలు చెప్పే బడిలో చేరుతుంది. అధ్యాయాలు చిన్నవి, దేనికది ఒక సంఘటనగా ముగుస్తుంది. అందుకే వెనకబడిన పిల్లలకు ఇది ఇవ్వడం తేలికట. ఒక ఆదివారం ఫోన్ చేసి తమ్ముడు, "అక్కా, ఆ బడి హెడ్మాస్టర్ మొదటి రోజే ఆ పిల్ల చెప్పేది నాలుగు గంటలు విన్నాడంట. గంతసేపు ఎవరన్న వింటరా?" అన్నాడు. మీ మేడం నీ మోటార్ల ముచ్చట ఎంతసేపు విన్నారని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. 1945లో బాంబు దాడుల్లో ఆ బడి కాలిపోయిందని చదివిన రోజు మాత్రం ఫోన్‌లో గొంతు మారింది.

నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తుండేది ఇంకో ఫోన్. నేను డ్యూటీలో ఉన్నాను. మేడం చేశారు. "ఒక కథల పుస్తకం వచ్చింది, మంచిది. కానీ అందులో పిల్లాడి తల్లి చనిపోతుంది. బాబు ఇప్పుడు చదవగలడా? నువ్వు అక్కవు, నీకు తెలుస్తది" అన్నారు. వార్డు బయటికి వచ్చి ఏడ్చాను. వందల మంది పిల్లలున్న బడిలో, ఒక పుస్తకం ఒక పిల్లాడి చేతికి వెళ్లే ముందు ఇంటికి ఫోన్ చేసి అడిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఇప్పుడే వద్దేమో అన్నాను. ఆమె దాన్ని దాచేయలేదు, అరలోనే ఉంచారు. "వాడంతట వాడు తీసుకుంటే ఆపను, తీసుకున్న రోజు నీకు చెప్తా" అన్నారు. సంక్రాంతి సెలవుల ముందు తీసుకున్నాడు. సెలవుల్లో ఇంట్లో రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత అమ్మ గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. అమ్మ చేసే జొన్నరొట్టె, అమ్మ కోపం, ఆస్పత్రిలో చివరి వారం, అన్నీ. అంతకుముందు ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు. నాయన కూడా మా పక్కన కూర్చుని విన్నాడు. మేడం, దీనికి మా ఇంట్లో ముగ్గురమూ మీకు రుణపడి ఉంటాం.

లైబ్రరీ తలుపు మీద రంగనాథన్ గారి సూత్రాలు రాసి ఉంటాయి. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అచ్చువేసిన ఐదు సూత్రాల్లో రెండు ఆమె పెద్ద అక్షరాలతో రాశారు: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. చాలా గ్రంథాలయాల్లో ఇవి గోడ మీద చూశాను. ఎట్ల పాటిస్తారో చూసింది ఇక్కడే.

చందంపేట వైపు తండా నుంచి వచ్చిన ఒక అబ్బాయి తమ్ముడికి దోస్తు. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, తెలుగు పుస్తకం వాడికి రెండో భాష పుస్తకం. వాడికి ఏ కథ ఇచ్చినా "మా నానమ్మ చెప్పేది ఇంతకన్నా బాగుంటది" అనేవాడట. ఏ పెద్దమనిషైనా పొగరు అనుకునే మాట. మేడం మాత్రం సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ కథలు విని రాసుకు రమ్మని ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చారు. నానమ్మ లంబాడీలో చెప్పినవి తెలుగు లిపిలో రాసి, ఎదురు పేజీలో తెలుగులో అర్థం రాశాడు. దానికి గట్టి అట్ట వేయించి, వెనక 398.2 అని నంబరు చీటీ అంటించి అరలో పెట్టారు. పుస్తకాలను విషయాల వారీగా నంబర్లతో సర్దే డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీలో, ప్రపంచంలో ఎక్కడైనా, జానపద కథలుండే నంబరు అది. రిజిస్టర్‌లో రచయిత పేరు దగ్గర నానమ్మ పేరు రాశారు, సేకరణ అని మనవడి పేరు. ఆ నానమ్మ వచ్చి చూసుకుని వెళ్లిందట.

నల్గొండ జిల్లా పిల్లలకు ఈ జిల్లా మనుషుల గురించి చెప్పడం కూడా ఆమెకు ఇష్టం. నకిరేకల్ దగ్గర చెరువు మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి గురించి మొదటిసారి నాకు మా తమ్ముడే చెప్పాడు. చిన్నప్పుడు ఒకరి ఇంట్లో వంట పని చేస్తూ చదువు నేర్చుకున్న మనిషి, హోటల్‌లో పని చేసిన మనిషి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తెలుగు పుస్తకాలు అచ్చువేసి ఊరూరా తిరిగి అమ్మాడు, జైలుకు పోయాడు, నవలలు రాశాడు. "నాకన్నా ఆలస్యంగ నేర్చుకున్నడు కదక్కా" అన్నాడు తమ్ముడు. ఆయన నవల ప్రజల మనిషి ఇంకా పెద్దదే వాడికి. పదో తరగతిలో ఇస్తానని మేడం మాటిచ్చారట, అది వాడు మరిచిపోయే రకం కాదు.

ఇప్పుడు తెలుగు పీరియడ్‌లో లేచి చదువుతున్నాడు. తడబడతాడు, చదువుతాడు. మార్కుల గురించి నేను అడగడం లేదు.

మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా లైబ్రరీ తెరిచి ఉంచడానికి అనుమతి ఇచ్చిన ప్రిన్సిపాల్ గారికి, చిరిగిన పుస్తకాలకు మేడంతో కూర్చుని గమ్ పూసే వాచ్‌మన్ అన్నకు కూడా మా కృతజ్ఞతలు.

పుస్తకాలు ఇద్దామని కొందరు నన్ను అడిగారు. దయచేసి పాత గైడ్లు, టెస్ట్ పేపర్లు వద్దు, అవి అక్కడ కుప్పలుగా ఉన్నాయి. మేడం దగ్గర "అడిగినవి" అని ఒక నోట్‌బుక్ ఉంది. లైబ్రరీలో లేని పుస్తకం ఏది కావాలన్నా పిల్లలు అందులో రాస్తారు. చివరి పేజీ ఫొటో నాకు పంపారు. కబడ్డీ ఆటగాళ్ల గురించి. నిజంగా భయం వేసే దయ్యాల కథలు. నల్లమల పులుల గురించి, బొమ్మలతో. నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో పైనుంచి ఎట్ల తెలుసుకుంటారో చెప్పేది. ఇంకొకటి ఏడో తరగతి పిల్లాడు రాసింది: "మా అమ్మ నాయన బొంబాయిలో పనికి పోయిండ్రు. అట్ల పోయినోళ్ల పిల్లల కథ." మొదటి నాలుగూ దొరుకుతాయి, వెతుకుతున్నాను. ఆ చివరిదానికి పన్నెండేళ్ల పిల్లాడు చదవగలిగే తెలుగు పుస్తకం ఎవరికైనా తెలిస్తే పేరు చెప్పండి, కొని పంపిస్తాను.